కోలాటానికి ఒకరు తక్కువ

ఆ ఆదివారం నాచారంలోని ఆ రెండు గదుల ఇంట్లో నలుగురున్నారు. ఫ్యాక్టరీలో పదిమందికి సూపర్‌వైజరు, ఇంట్లో ఎవరికీ కాని నరేందర్. చేతిలో కోలలతో అతని భార్య స్వర్ణలత. జనగామ దగ్గరి ఊరి నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చిన అతని తల్లి మల్లవ్వ, మోకాళ్ళ నొప్పులతో సహా. ఇక ఇంటర్ చదవడానికి పల్లె నుంచి వచ్చిన నరేందర్ అక్క కూతురు కీర్తన. ఆ పిల్ల నోరు తెరిచేది అన్నం తినడానికే.

స్వర్ణలత కోలాటం జట్టులో చేరి నెలైంది. అప్పటి నుంచి నరేందర్ రోజూ సాయంత్రం ఖాళీ అన్నం గిన్నెలో తన ముఖం చూసుకుంటున్నాడు.

"ఈ కోలల చప్పుడుకు కీర్తన సదువు ఆగమైతుంది," అని మొదట మేనకోడలి మీద జాలిపడ్డాడు. ఆ జాలి సంగతి కీర్తనకు అప్పుడే తెలిసింది. నిజానికి అత్త అద్దం ముందు అడుగులు వేస్తుంటే, బల్ల కింద కీర్తన కాళ్ళూ వేస్తుండేవి.

"ప్రపంచమంత ఆడుతున్నరు. ఆఫ్రికాల పంట కోస్తే ఊరు ఊరంత ఎగురుతదంట," అని స్వర్ణలత ఫోన్లో వీడియో చూపించింది.

"ఎగిరినంక వంట ఎవరు చేస్తరో గది గూడ సూపియ్యి."

"ఎగరనోళ్ళు చేస్తరంట."

అందుకే నరేందర్ తల్లిని పిలిపించాడు. శనివారం ఉప్పల్‌లో స్టేజీ మీద ప్రదర్శన. జట్టులో పదహారు మంది. అత్త మోకాళ్ళకు కాపలాగా కోడలు ఇంట్లో ఉండిపోతే పదిహేను. కోలాటంలో ప్రతి కోలకూ ఎదురు కోల ఉండాలి. బేసి అయితే ఒకరు గాలిని కొట్టాలి. జట్టు దానంతట అదే చెదిరిపోతుంది, తను చెడ్డవాడు కాకుండానే.

"అవ్వా, లత నిన్ను ఇడిసి యాడికీ పోదు," అన్నాడు తల్లి కాళ్ళ కింద దిండు పెడుతూ.

మల్లవ్వ చూపు కోలల మీదే ఉంది. "ఏదీ, ఒక సుట్టు ఏసి సూపియ్యి, కోడలా."

స్వర్ణలత వేసింది. మల్లవ్వ దిండును పక్కకు తన్నింది. "గిట్లనా ఏసేది? శనివారం మన ఇజ్జత్ పోతది. ఇటియ్యి. నేను గూడ వస్త."

"నీ మోకాళ్ళో, అవ్వా?"

"కూసుంటెనే నొస్తయి, కొడకా."

నరేందర్ గబగబా లెక్కేశాడు. లత, అవ్వ, మిగతా పదిహేను. ముఖం వెలిగింది. "అయ్యో, పదిహేడైతరు గద. బేసి. ఎట్ల మరి?" అతని బాధ చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

"నువ్వున్నవ్ గద," అంది తల్లి.

"ఆడోళ్ళ నడుమ నేనా?"

"మనూర్ల ఏసేదే మగోళ్ళు. సిన్నప్పుడు కోలలు పక్కల పెట్టుకొని పండేటోనివి."

నరేందర్ దిక్కులు చూశాడు. గది గుమ్మంలో కీర్తన కనిపించింది. "కీర్తన ఉంది గద. ఏం బిడ్డా, ఆడుతవా?"

కీర్తన ఒక అడుగు ముందుకేసింది. ఆడతానని ఒక్క మాట అంటే చాలు. ఆ మాటను గొంతుదాకా తెచ్చుకునేలోపే స్వర్ణలత అందుకుంది.

"మంచిగనే ఉంది. చప్పుడుకే సదువు ఆగమైతదంటివి. ఆడితే మిగుల్తదా? ఇగో, పట్టు," అని మొగుడి చేతిలో కోలలు పెట్టింది.

మొదటి దెబ్బ అతని బొటనవేలి మీదే పడింది.

"అమ్మమ్మా, నేను..." కీర్తన గొంతు అప్పటికి పెగిలింది.

"నువ్వు సదువుకో బిడ్డా. మీ మామకు నీ సదువంటే మస్తు ఫికరు," అని మల్లవ్వ ఆ పిల్లను ప్రేమగా లోపలికి నెట్టి తలుపు మూసింది.