ఓబులేసు తొక్కనన్న గడప

కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో హనుమన్న కట్టిన కొత్త ఇంటికి ఆ ఆదివారం గృహప్రవేశం. పొద్దునకు వేసుకున్న పథకం చాలా మామూలుది. హోమం జరుగుతుంది, హనుమన్న భార్య సుంకులమ్మకు పుట్టింటివాళ్లు చీర పెడతారు, ఆమె పాలు పొంగిస్తుంది, వచ్చినవాళ్లు భోంచేసి పోతారు. పుట్టింటివాళ్లంటే ఆమెకు మిగిలింది నందికొట్కూరులో ఉండే అన్న ఓబులేసు ఒక్కడే. చిక్కల్లా ఆయనతోనే. ఈ ఇంటి గడప తొక్కనని ఆయన ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు.

కారణం మెట్లు. పడమటి వైపు పెట్టమని ఓబులేసు చెప్పాడు. హనుమన్న తూర్పు వైపు పెట్టాడు. పునాది నాడు మొదలైన మాట శ్లాబు నాటికి ఒట్టయింది. అది కూడా మేస్త్రీల ముందర, కూలీల ముందర. నలుగురి ముందర ఆడిన మాటను మింగడం ఆ ఇంటావంటా లేదు. పోనీలే అనుకుందామంటే సుంకులమ్మ కూడా ఆ ఇంటి పిల్లే.

"మా అన్న చీర పెట్టందే నేను పొయ్యి ముట్టియ్యను. పాలు మీరే పొంగిచ్చుకోండి" అంది ఆమె. గొంతు పెంచకుండా అంది కాబట్టి హనుమన్నకు నిజంగా భయమేసింది.

ఉపాయం కూతురు సుజనకు తట్టింది. ఆ అమ్మాయి ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి పని చేస్తుంది. ఆ కంపెనీవాళ్లు ఇంటర్నెట్లో ఒక ఊహా ప్రపంచం నడుపుతారు. ఎవరైనా సరే అందులో ఒక బొమ్మ రూపం ఎత్తి తిరగవచ్చు, మాట్లాడవచ్చు, స్థలం తీసుకుని ఇల్లు కట్టుకోవచ్చు. దగ్గరున్నవాళ్ల మాట గట్టిగా, దూరంగా ఉన్నవాళ్ల మాట సన్నగా వినపడే ఏర్పాటు కూడా ఉంది. సుజన ఇంటి ప్లాను ముందర పెట్టుకుని గోడకు గోడ, కిటికీకి కిటికీ అదే ఇంటిని అక్కడ కట్టేసింది. మెట్లు కూడా తూర్పునే పెట్టింది. తర్వాత మేనమామకు ఫోన్ చేసింది.

"మామా, నువ్వు నందికొట్కూరులోనే కూర్చోనుంటావు. నీ బొమ్మ వచ్చి మా అమ్మ బొమ్మకు చీర ఇస్తాది. అసలు చీర తర్వాత ఎవురితోనన్నా పంపిద్దువు."

"అంటే గడప తొక్కినట్ల కాదు గదా?"

"ఆడ గడప యాడుండాది మామా. అంతా తెర మీద వెలుతురే."

ఓబులేసు చాలాసేపు ఆలోచించాడు. ఒట్టూ నిలబడుతుంది, చెల్లెలి ముచ్చటా తీరుతుంది. కానీ పెద్దమనిషి అన్నాక ఒక షరతైనా పెట్టకపోతే బాగుండదు. "సరే పాపా. వచ్చేది నా బొమ్మ గదా. దాన్ని మీ అమ్మ బొమ్మ వచ్చి బొట్టు పెట్టి పిలవల్ల. పిలవకుండా నేను బొమ్మగా గూడా రాను" అన్నాడు.

సుజన ఓపికగా ఒక కుంకుమ భరిణె తయారు చేసింది. దాంతో ఏ బొమ్మ నుదురు తాకినా ఎర్రటి బొట్టు పడుతుంది, ఎదుట 'మా ఇంటికి రండి' అన్న మాట కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఆ బొమ్మ తిన్నగా కొత్త ఇంటి హాల్లో వచ్చి నిలబడుతుంది. సుంకులమ్మ అంతా చూసి ఒక లోపం పట్టింది. "బొట్టు పెట్టిచ్చుకున్నోళ్లు వాళ్లోళ్లను గూడా పిల్చుకోని రావల్ల గదా. మీ మామొక్కడే వస్తే మీ అత్త ఏమనుకుంటాది?" అని అడిగింది. సబబే అనిపించి, బొట్టు పెట్టించుకున్న ప్రతివారికీ ఆ భరిణె నకలు ఒకటి చేరేలా సుజన మార్చింది.

ఆదివారం పొద్దున లాప్‌టాప్‌ను హాల్లో టీవీకి తగిలించారు. ఆ ప్రపంచంలోకి వచ్చే ప్రతివారూ ముందుగా ఒక పెద్ద కూడలిలో దిగుతారు. ఓబులేసు అక్కడే ఎదురుచూస్తుంటాడు. సుంకులమ్మ బొమ్మ భరిణె పట్టుకుని కూడలికి బయలుదేరేసరికి, బొరుగుల ఉగ్గానిలో మిరపకాయలు చాలవేమోనని వంటవాళ్లు సుజనను కేకేశారు. ఆమె తిరిగి వచ్చేటప్పటికి తల్లి తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలి ఉంది.

"మామ కనపడినాడా మా?"

"ఆఁ, గొంతు పట్టి కనుక్కున్యా. బొట్టు పెట్టొచ్చినా. పక్కనున్నోళ్లకు గూడా పెట్టినా."

సుజన గబగబా తెర ముందుకు వచ్చింది. "పక్కనెవురున్నారు?"

"ఏమో. శానా మంది నిలబడుకోనుండ్రి. ఒగరికి పెట్టి ఇంగొకరిని దాటుకోని వస్తే ఏం బాగుంటాది? కొమ్ములున్న ఆయమ్మ తల వంచి మరీ పెట్టిచ్చుకున్నాది. మర్యాద తెలిసిన మనిషి."

ఆ కూడలిలో ఏ దేశంవాళ్లు ఉన్నారో ఎవరికి తెలుసు. బొట్టు పెడుతూ వీధిలో ఒక గడపను దాటి పోవడం సుంకులమ్మ పుట్టి బుద్ధెరిగి చేయలేదు, ఇప్పుడు చేయమన్నా చేయదు.

మొదట ఒక నీలం నక్క వచ్చింది, నుదుట బొట్టుతో. దాని వెనక ఒక ఇనుప మనిషి, రెక్కల గుర్రం, కొమ్ములున్న ఆయమ్మ, ఆమె తాలూకు మరో ఆరుగురు కొమ్ములవాళ్లు. ఎవరికి వారు తమ వంతుగా తెలిసినవాళ్లందరికీ బొట్టు పెట్టి వచ్చారు. టీవీ ముందర కూర్చున్న చుట్టాలు కాసేపు ఊరకే చూశారు. హనుమన్న తమ్ముడు చిన్న ఈరన్న మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

"అన్నా, ఈ గుర్రం మనకేమైతాది?"

"మీ వదిన తరఫు" అన్నాడు హనుమన్న.

ఆ స్థలంలో ఒకేసారి నలభై బొమ్మల కంటే పట్టవు. అవి కాస్తా నిండాయి. బొమ్మలు కదలలేక ఆగి ఆగి నడవసాగాయి. భారం తగ్గుతుందని సుజన బొమ్మల నెత్తిన కనిపించే పేర్లన్నీ తీసేసింది. అంతలో ఓబులేసు ఫోన్.

"ఏం పాపా, పిలిచి వాకిట్ల నిలబెడతారా? స్థలం నిండింది, తర్వాత రమ్మంటాంది. కిటికీలోనుంచి సూస్తాండా. నా పీట మీద నక్క కూర్చోనుండాది."

"ఒక్క నిమిషం మామా. కొందరిని పంపిచ్చేస్తాండాం. సందు దొరకతానే వచ్చెయ్."

పిలిచి బొట్టు పెట్టినవాళ్లను పొమ్మనడానికి సుంకులమ్మ ఒప్పుకోలేదు. లేచి వంటింట్లోకి పోయింది. ఆ పని హనుమన్న మీద పడింది. బొమ్మను ఎంచుకోవాలి, 'బయటికి పంపు' అన్నది నొక్కాలి. మళ్లీ రాకుండా ఉండాలంటే కింద ఇంకోటి నొక్కాలి. వారం రోజులుగా ఇంట్లో ఎవరూ ఏ పనీ చెప్పని మనిషి, మహా ఉత్సాహంగా మొదలుపెట్టాడు. నక్క పోయింది. ఇనుప మనిషి పోయాడు. పోయిన ప్రతి బొమ్మ చోటులోకి ఇంకో బొమ్మ ఊడిపడుతోంది. వాటిలో పసుపుపచ్చ జుట్టు పిల్ల ఒకతె, పొట్టి నిక్కరు వేసుకుని, నేరుగా పోయి మెట్ల దగ్గర నిలబడింది. పైకి చూసింది, కిందికి చూసింది, తల అడ్డంగా ఊపింది. మాట్లాడినట్టే ఉంది గానీ నలభై గొంతుల గోలలో ఏమీ వినపడలేదు.

"నీకేం పనే మా మెట్ల కాడ" అని హనుమన్న రెండు మీటలూ నొక్కాడు.

సుంకులమ్మ పాలగిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చింది. "మా అన్న వచ్చినాడా? తొందర్లో మీసాల బొమ్మ దొరకలేదంట. పసుపు జుట్టు పిల్లతో సర్దుకున్నాడు."

హనుమన్న చేయి ఆగిపోయింది. "ఆ పిల్ల మీ అన్ననా?"

అంతలోనే ఫోన్ మోగింది. అక్కడ తెర మీద కనిపించిన మాటలను ఓబులేసు భార్య సిద్దమ్మ ఆయనకు చదివి వినిపించిందట. ఇంటి యజమాని మిమ్మల్ని బయటికి పంపారు, ఇకమీదట మీకు ఇక్కడ ప్రవేశం లేదు అని.

"గడప తొక్కనన్నది నేను. తొక్కొద్దనేదానికి నువ్వెవురప్పా?" అని ఓబులేసు ఫోన్ పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు.

సుంకులమ్మ పాలగిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. "నాకు పుట్టిల్లు లేకుండా పోయ" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. హనుమన్నకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. సుజన టీవీ తీగ పీకేసింది. పంతులు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. ముహూర్తం దాటడానికి ఇంకా గంట వ్యవధి ఉంది గానీ, పొయ్యి ముట్టించమని సుంకులమ్మకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

అలా ఎంతసేపు కూర్చున్నారో, వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. ఓబులేసు చెప్పులు విడిచి విసవిసా లోపలికి వచ్చి హాలు మధ్యలో నిలబడ్డాడు. వెనకే సిద్దమ్మ, చేతిలో సంచితో.

"యాడప్పా హనుమన్నా? మిషిన్ల నుంచి గెంటేది కాదు. ఇప్పుడు నేను నీ ఎదురుగానే ఉండా. చాతనైతే ఇప్పుడు పంపు, సూస్తా."

చిన్న ఈరన్న నెమ్మదిగా అన్నాడు. "బావా, నువ్వు లోపలికొచ్చినావు."

ఓబులేసు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. వెనక్కి తిరిగి, పసుపు పూసిన గడప వైపు చూశాడు. అది తనకు చాలా వెనక ఉంది. ఆయన ముఖంలో కోపం ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

"బావా, తప్పు నాది. నువ్వని తెలీక నొక్కినా" అన్నాడు హనుమన్న.

"అన్నా, తిట్టేది తర్వాత తిడుదువు, నేను గూడా కూర్చోని వింటా. ముహూర్తం పోతాంది" అంది సుంకులమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

సిద్దమ్మ సంచిలోంచి పట్టుచీర తీసి భర్త చేతిలో పెట్టింది. తగాదాకు బయలుదేరిన మనిషి వెంట ఆమె చీర ఎందుకు తెచ్చిందని ఎవరూ అడగలేదు. ఓబులేసు చెల్లెలికి చీర ఇచ్చి, ఆమె తన కాళ్లకు మొక్కబోతే భుజం పట్టుకుని లేపాడు. పాలు పొంగాయి.

భోజనాలయ్యాక ఆయన మెట్లెక్కి దిగి, తూర్పున పెట్టడం తప్పేనని అందరికీ మరోసారి చెప్పాడు. కారెక్కుతూ సుజనను దగ్గరికి పిలిచాడు.

"పాపా, ఈ ఇంటికంటే వచ్చినా, వస్తా. ఆ కంప్యూటర్ల ఇంటి గడప మాత్రం చచ్చినా తొక్కను" అని నలుగురూ వింటుండగా ఒట్టు పెట్టుకున్నాడు.

హనుమన్న నొక్కిన రెండో మీటను వెనక్కి తిప్పే సంగతి ఎవరికీ గుర్తు రాలేదు కాబట్టి, ఆ ఒట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.