చప్పుడు లేని బ్రేకులు

ఆ ఆదివారం పొద్దున రాజశేఖర్ అనుకున్న పని చాలా చిన్నది. సైకిలును బస్సు టాపు మీద వేసుకుని హిందూపురం పోవడం, కొత్త బ్రేకులు వేయించుకోవడం, భోజనం వేళకు పెనుకొండకు తొక్కుకుంటూ తిరిగి రావడం. పెనుకొండలోని వేరుశనగ రైతుల సంఘంలో అతను అకౌంటెంటు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, సన్నటి టైర్లు ఉన్న రేసు సైకిలు ఊళ్ళో అతనొక్కడికే ఉంది. దాని పాత బ్రేకులు నొక్కితే వీధి చివరిదాకా కీచుమనేవిగానీ బండిని మాత్రం ఆపేవి కావు. కిందటి వారం వానలో, కొండ పక్క దిగుడులో ఎంత నొక్కినా ఆగక, లారీని తప్పించబోయి కంపచెట్లలోకి పోయాడు.

మోచేతికి కట్టు కడుతూ భార్య సుకన్య ఆ రోజే తేల్చి చెప్పింది. "బ్రేకులన్నా మార్పించండి, సైకిలన్నా అమ్మేయండి. అది అరిచినప్పుడల్లా నా గుండె ఆగుతాండాదిగానీ అది ఆగదు."

హిందూపురంలో సైకిలు షాపు హనుమంతప్ప పాతవి విప్పి పడేసి అల్యూమినియం బ్రేకులు బిగించాడు. కొత్త వైర్లు వేశాడు. మెత్తటి రబ్బర్లను చక్రానికి కాస్త వాలుగా తగిలేలా పెట్టి, ఇక అరుపు ఉండదన్నాడు. ఉండలేదు కూడా. తిరుగు దారిలో రాజశేఖర్ అవసరం లేని చోట్ల కూడా బ్రేకు వేసి చూసుకున్నాడు. దారికి అడ్డొచ్చిన ఎనుముల ముందు ఆపాడు, మైలురాళ్ళ ముందు ఆపాడు. వేలితో తాకితే చాలు, సైకిలు బుద్ధిగా నిలబడుతోంది. ఇన్నేళ్ళు ఆ పాత బ్రేకులతో బతికి బయటపడ్డందుకు తన మీద తనకే గౌరవం కలిగింది.

ఆ గౌరవం ఇంటి వాకిలి దాకానే నిలిచింది. అరుగు మీద సుకన్య, పక్కింటి సరోజమ్మ వీధికి వీపు పెట్టి చింతపండు పిక్కలు తీస్తున్నారు. సైకిలు తొక్కేటప్పుడు రాజశేఖర్ వేసుకునే బిగుతు నిక్కరు గురించి మాట నడుస్తోంది. ఆయన అట్లా వస్తుంటే తాము తలుపు వేసుకుంటామని సరోజమ్మ అంది. సుకన్య నవ్వి, దాన్ని తాను చీర చాటున ఆరేస్తానని చెప్పింది. రాజశేఖర్ దగ్గాడు. సరోజమ్మ చేట అక్కడే వదిలేసి ఇంట్లోకి పోయింది.

"ఎంతసేపటి నుంచి నిలబడి వింటాండారు?" అంది సుకన్య.

"ఇప్పుడే వచ్చినా."

"వస్తే వినపడదా? సైకిలును ఎత్తుకోనొచ్చినారా?"

మార్పించమన్నది ఆమే. నిక్కరును వెక్కిరించింది ఆమే. సంజాయిషీ మాత్రం తాను ఇచ్చుకోవలసి వచ్చినందుకు రాజశేఖర్‌కు ఒళ్ళు మండింది. ఆ రాత్రి సుకన్య చారు గిన్నె చప్పుడయ్యేలా పెట్టి పోయింది.

సోమవారం పొద్దున దప్పికై మలుపులోని కుళాయి దగ్గర సైకిలు ఆపాడు. పాలు పోసే నాగక్క అప్పుడే పాల క్యాను మూత తీసి, క్యానును కుళాయి కింద పెట్టింది. తల ఎత్తేసరికి పక్కన రాజశేఖర్ ఉన్నాడు. అతను ఏమీ అనలేదు, నీళ్ళు తాగి పోయాడు. ఏమీ అనకపోవడమే ఆమెకు బెదురు పుట్టించింది. తనను పట్టుకోవడానికే మాటు వేశాడని చెప్పి, ఆ వీధికి పాలు పోయడం మానేసింది. కాఫీ లేని ఇళ్ళన్నీ రాజశేఖర్‌ను తిట్టుకున్నాయి. నీళ్ళు కలిపిన మనిషిని ఎవరూ ఏమీ అనలేదు.

ఆఫీసులో ఇంకా ఘోరం జరిగింది. మేనేజరు నరసింహులు ఇంటికి ఆ సాయంత్రం కూతురిని చూసుకోవడానికి పెళ్ళివారు వస్తున్నారు. ఆయన బీరువా అద్దం ముందు నిలబడి మీసానికి నల్లరంగు వేసుకుంటున్నాడు. ఒక పక్క పూర్తయింది. బయట సైకిలు అరుపు వినపడకుండానే అద్దంలో హఠాత్తుగా రాజశేఖర్ ముఖం కనపడేసరికి కుంచె చెవి దాకా గీత గీసింది. సబ్బుకు పోలేదు, కిరసనాయిలుకు పోలేదు. పెళ్ళివారి ముందు ఆయన పన్నునొప్పి అంటూ తువ్వాలు చెంపకు అదుముకుని కూర్చుంటే, పెళ్ళికొడుకు తల్లి లవంగం పెడతానని తువ్వాలు లాగింది. సంబంధం ఆలోచించి చెబుతామని లేచిపోయారు.

మర్నాడే ఆయన ధర్మవరంలోని పెద్దాఫీసుకు ఫోను చేశాడు. రాజశేఖర్ పిల్లిలా వచ్చి అందరినీ కనిపెడుతున్నాడని, ఆడవాళ్ళ మాటలు కూడా పొంచి వింటున్నాడని, వెంటనే బదిలీ చేయమని అడిగాడు.

పెద్దాఫీసు నుంచి విచారణకు జోసెఫ్ సార్ వచ్చాడు. రాజశేఖర్ ఎన్నడూ లేనంత గట్టిగా మాట్లాడాడు. తాను దొంగ కాదని, గూఢచారి కాదని, ప్రాణం మీద తీపి ఉండి బ్రేకులు మార్పించుకున్నానని చెప్పాడు. బ్రేకులు మార్పిస్తే బదిలీ చేయడం ఏ రూలులో ఉందని అడిగాడు. చప్పుడు లేని బ్రేకులే ఇంతకూ కారణమంటే జోసెఫ్ నమ్మలేదు. "అయితే రోడ్డు మీద నిలబడి చూడండి సార్" అని రాజశేఖర్ సైకిలు తీసుకుని దిగుడు పైకి పోయాడు.

జోసెఫ్, నరసింహులు రోడ్డు పక్కన నిలబడ్డారు. ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు. అతను కోపంతో ఇంటికి పోయుంటాడని నరసింహులు అనుకుని, అసలు మాటకు వచ్చాడు. "బదిలీ పని మీరు చూడండి సార్. విత్తనాల లెక్కలో తరుగు రాసి, రెండు మూటలు మీ ఇంటికి పంపిస్తా, ఎప్పటి మాదిరే."

జోసెఫ్ తల ఊపి పక్కకు తిరిగాడు. జానెడు దూరంలో సైకిలు ముందు చక్రం ఉంది.

"ఎప్పుడొచ్చినావప్పా?" అన్నాడు నెమ్మదిగా.

"మూటల కాడికి వచ్చినా సార్."

జోసెఫ్ చాలాసేపు ఆ బ్రేకులను వంగి పరీక్షగా చూశాడు. చాలా బాగున్నాయన్నాడు. ఇంత నిజాయితీగల మనిషి మీద ఫిర్యాదు చేసినందుకు నరసింహులును అక్కడే మందలించాడు. వారం తిరక్కుండా ఉత్తరువు వచ్చింది. సంఘానికి మూడు ఊళ్ళలో ఉన్న శాఖలన్నింటికీ ఇక రాజశేఖరే తనిఖీ అధికారి. తనకు ఆ పని వద్దని, తాను ఎవరినీ కనిపెట్టే రకం కాదని అతను ధర్మవరం పోయి మరీ మొత్తుకున్నాడు. అక్కడ అందరూ లేచి నిలబడి కాఫీ తెప్పించారేగానీ ఎవరూ వినిపించుకోలేదు.

పెనుకొండలో ఇప్పుడు అతని మీద ఎవరికీ కోపం లేదు. నూనె కొట్టులో తూకం రాళ్ళు చూడమని నాగక్క అతన్ని దారిలో ఆపుతుంది. నాగక్క పాలు చూడమని నూనె కొట్టాయన ఆపుతాడు. ఇద్దరి సంగతీ చెప్పడానికి సరోజమ్మ తలుపు తీసుకుని నిలబడి ఉంటుంది. నిక్కరు మాట ఎత్తదు. నరసింహులు తొమ్మిదిన్నరకే వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుంటున్నాడు.

అడుగడుక్కీ ఆగాల్సి వచ్చి, ఆఫీసుకు ఆలస్యంగా చేరేది రాజశేఖర్ ఒక్కడే.