ఆరు గజాల సామరస్యం

"ఈ జిల్లాలో ఆరు భాషలున్నాయి, నాలుగైదు మతాలున్నాయి, కులాలకు లెక్కే లేదు. అయినా ఇన్నేళ్ళుగా అందరూ కలిసే బతుకుతున్నారు. దీని మీద ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ ఎలాంటి చర్యా తీసుకోలేదు" అని మంత్రిగారు పెనుకొండ సభలో ఆవేదన వ్యక్తం చేశారు.

సభ సిగ్గుతో తల దించుకుంది. కలిసి బతకడమనే ఇంత పెద్ద కార్యక్రమం ఒక పథకం లేకుండా, బడ్జెట్ లేకుండా, కనీసం ఒక లోగో అయినా లేకుండా నడిచిపోతోందని, అది గత పాలకుల నిర్లక్ష్యానికి పరాకాష్ఠ అని మంత్రిగారు చెప్పారు. ఇకమీదట అలా జరగదన్నారు. ధర్మవరం పట్టుతో ఒక 'సామరస్య చీర' నేయిస్తామని, జిల్లాలోని ప్రతి వర్గానికీ అందులో చోటు ఉంటుందని, వచ్చే నెల పెనుకొండ ఉత్సవాలకు వస్తున్న విదేశీ బృందం నాయకురాలికి దాన్ని బహూకరిస్తామని ప్రకటించారు. చీర కమిటీకి అధ్యక్షుడిగా లక్ష్మీనరసయ్య పేరు చదివారు.

మూడో వరుసలో కూర్చున్న లక్ష్మీనరసయ్యకు కళ్ళు చెమర్చాయి. ధర్మవరంలో ఆయనకు పట్టుచీరల అంగడి ఉంది. పార్టీ జెండా పట్టి పదిహేనేళ్ళయింది. ఏదైనా ఒక నామినేటెడ్ పోస్టు వస్తుందని, కారు ముందు పేరు రాసిన పలక పెట్టుకోవచ్చని ప్రతి ఎన్నిక తర్వాతా ఎదురుచూడటం ఆయనకు అలవాటు. సభ ముగిశాక మంత్రిగారి పీఏ ఆయన్ను పక్కకు పిలిచి, చీర బాగా వస్తే పోస్టు కూడా వస్తుందని చెప్పాడు. ఆ మాటతో లక్ష్మీనరసయ్య సామరస్యాన్ని మనసారా ప్రేమించడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చి భార్య సులోచనకు చెప్పాడు. ఆమె అప్పుడు మేడ మీద అద్దెకుండే జగదీష్ సేఠ్ భార్యకు గిన్నెలో ఉగ్గాని పెట్టి పంపుతోంది. నిన్న ఆవిడ ఇదే గిన్నెలో ఏదో తీపి పంపింది. గిన్నె ఖాళీగా తిరిగిపోవడం ఆ ఇంట్లో లేదు. ముందు గదిలో మిషను పెట్టుకున్న దర్జీ మహబూబ్ బాషా, అంగట్లో చీర కొన్నవాళ్ళందరికీ రవికెలు కుట్టేది అతనే, మధ్యాహ్నం కూర సరిపోకపోతే నేరుగా వంటింటి గడప దాకా వచ్చి "వదినా" అంటాడు. వీటన్నిటికీ పథకం లేదన్న సంగతి సులోచనకు ఆరోజే తెలిసింది.

"కలిసుండేదానికి చీరెందుకండీ?" అంది.

"నీకు రాజకీయం తెల్దు" అన్నాడాయన.

కమిటీ మొదటి సమావేశం హిందూపురం అతిథిగృహంలో జరిగింది. ప్రభుత్వం తరఫున అజిత్ అనే యువ అధికారి లాప్‌టాప్‌తో వచ్చాడు. అందరినీ 'స్టేక్‌హోల్డర్స్' అని పిలిచాడు. ఎవరు ఏ వర్గమో కంప్యూటర్లో ఎక్కించడంతో పని మొదలైంది. మార్వాడీల తరఫున జగదీష్ సేఠ్, ముస్లిముల తరఫున బాషా వెంటనే ఎక్కారు. చింతపండు వ్యాపారి తిప్పన్న దగ్గర బండి ఆగింది. ఆయన ఇంట్లో మాట్లాడేది కన్నడం, మండీలో బేరమాడేది తెలుగు, ఏటేటా మొక్కు చెల్లించేది పెనుకొండ దర్గాలో, తలనీలాలు ఇచ్చేది కదిరి నరసింహస్వామికి.

"సిస్టమ్‌లో ఒకే ఆప్షన్ సార్" అన్నాడు అజిత్.

లక్ష్మీనరసయ్యకు చిరాకేసింది. "తిప్పన్నా, కమిటీ అయ్యేదాకన్నా ఒక్కటిగా ఉండప్పా. అందరికీ ఇబ్బంది."

"అట్ల ఉండే అలవాటు లేదు శెట్టీ. అయినా ప్రయత్నం చేస్తా" అన్నాడు తిప్పన్న. ఆయన్ను కన్నడిగుల కింద వేసుకున్నారు.

తర్వాత గుర్తులు. ముస్లిములకు నెలవంక, కన్నడిగులకు రెండు తలల గండభేరుండ పక్షి, మార్వాడీలకు ఒంటె, గుడిబండ వైపు రైతులకు వేరుశెనగ కాయ, లక్ష్మీనరసయ్య సొంత వర్గమైన వర్తకులకు త్రాసు. ఇక్కడిదాకా నవ్వుతూనే సాగింది. ఎవరి గుర్తు చీరలో ఎక్కడ రావాలన్న ప్రశ్న రాగానే అందరికీ చెంగే కావాలన్నారు. అరుపులు వరండా దాటాయి.

ఇలాంటి చోటనే నాయకుడు తేలుతాడు. లక్ష్మీనరసయ్య ఒక పెద్ద కాగితం బల్ల మీద పరిచి, చీరను ఇళ్ళ స్థలాల లేఅవుట్ మాదిరిగా గీశాడు. చెంగు ప్రభుత్వ స్థలం, అందులో మంత్రిగారి పేరు జరీతో వస్తుంది, దాని జోలికి ఎవరూ పోకూడదు. మిగతాది ప్లాట్లు. చెంగు పక్కది త్రాసుకు. "ఎవురూ అడగలేదని మేం తీసుకుంటాండాం" అని వినయంగా చెప్పాడు. దాని పక్కన ఒంటె, ఆ తర్వాత పక్షి. చెంగుకు అవతలి కొసన చివరి ప్లాటు, మూల బిట్టు, మూడు వైపులా అంచు ఉన్నది, బాషాకు దక్కింది. మూల బిట్టు వచ్చిందని అందరూ బాషాను అభినందించారు. చీర పొడవునా కింద అంచు మొత్తం రైతులకు రాసిచ్చారు.

ముప్పై ఏళ్ళుగా చీరలమ్ముతున్న మనిషి లక్ష్మీనరసయ్య. ఆయన చీరను ఎప్పుడూ అంగడి పరుపు మీద, పడుకోబెట్టే చూశాడు. చెంగు విప్పి చూపిస్తాడు, మడిచి పెట్టెలో పెడతాడు, అంతటితో చీరకూ ఆయనకూ సంబంధం తీరిపోతుంది. అది నిలబడుతుందని, నడుస్తుందని, కూర్చుంటుందని ఆలోచించాల్సిన అవసరం ఆయనకు రాలేదు. కమిటీలో ఆడవాళ్ళు ఎవరూ లేరు. అజిత్ జాబితాలో స్త్రీలు ఒక వర్గం కాదు.

కాగితం ధర్మవరం నేతగాడు ఎర్రప్ప చేతికి పోయింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, ఇది కట్టుకునేదానికా, గోడకు తగిలించేదానికా అని అడిగాడు. ప్రభుత్వ నిర్ణయాన్ని ప్రశ్నించకూడదని లక్ష్మీనరసయ్య మందలించాడు. ఎర్రప్ప మగ్గమెక్కాడు.

చీర వచ్చింది. నెమలి కంఠం రంగు, ఎర్రంచు. ప్రదర్శన లక్ష్మీనరసయ్య ఇంటి హాల్లోనే పెట్టారు. ప్రతినిధులు, వాళ్ళ వాళ్ళ సంఘాల కార్యదర్శులు కుర్చీల్లో కూర్చున్నారు. సులోచన లోపలికి పోయి చీర కట్టుకొని వచ్చి నిలబడింది. అందరూ ఒకసారి చప్పట్లు కొట్టి, తమ తమ చోట్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"మాది యాడుండాది వదినా?" అన్నాడు బాషా.

"నడుం కాడ దోపినా బాషా. లోపలి కొస కదా అది."

"బాగుండాదే. నెలవంకను అమావాస్య చేస్తివి." బాషా పకపకా నవ్వాడు. పక్కనున్న సంఘం కార్యదర్శి నవ్వలేదు. అది చూసి బాషా కూడా మానేశాడు.

తిప్పన్న కుచ్చిళ్ళ ముందుకు వంగి చూశాడు. పక్షి తల ఒకటి బయటుంది, రెండోది మడతలో ఇరుక్కుంది. "ఒంటితలైతే అది కాకి శెట్టీ" అన్నాడు. రైతుల ప్రతినిధి తమ వేరుశెనగలు గచ్చు మీద ఈడ్చుకుపోతున్నాయని లేచాడు. అది నేలలోనే కదా కాసేదని లక్ష్మీనరసయ్య సర్దిచెప్పబోయాడు కానీ ఆ తర్కం రైతు మనసుకు ఎక్కలేదు.

జగదీష్ సేఠ్‌కు ఒంటె ముందు వైపు ఎక్కడా కనిపించలేదు. సులోచనను వెనక్కి తిరగమన్నాడు. ఒంటె ఉంది, నిండుగా ఉంది. సేఠ్ కాసేపు ఆలోచించి, "అమ్మా, ఒక్కసారి కూర్చోండి" అన్నాడు. ఆమె కూర్చుంది. ఒంటె కనిపించకుండా పోయింది.

సేఠ్ లేచి నిలబడ్డాడు. "మా ఒంటె మీద కూర్చునే హక్కు ఎవరిచ్చారు?"

ఒంటె మీద కూర్చోవడం కూడా కల్చర్‌లో భాగమేనని అజిత్ సముదాయించాడు. దాంతో సేఠ్ వెనుకున్న నలుగురు కూడా లేచారు.

లక్ష్మీనరసయ్య ఇదంతా ఓర్పుతో చూస్తున్నాడు. సంకుచితత్వం మనుషులను ఎంత దిగజారుస్తుందో కదా అనుకున్నాడు. అప్పుడే ఆయన చూపు భార్య పైట మీద పడింది. చీర ఏటవాలుగా భుజానికెక్కే చోట వర్తకుల త్రాసు ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒక తట్ట పైకి, ఒక తట్ట కిందికి. వర్తక సంఘం కార్యదర్శి ఆయన వైపే చూస్తున్నాడు.

"ఇది మా మనోభావాలకు సంబంధించిన విషయం" అన్నాడు లక్ష్మీనరసయ్య.

ఒక్క చెంగు మాత్రం సులోచన వీపు మీద నిటారుగా జారి, మంత్రిగారి పేరు దూరానికి కూడా చక్కగా కనిపిస్తోంది. దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

పరిష్కారం కోసం చర్చ రాత్రి దాకా నడిచింది. విదేశీ నాయకురాలు చీర కట్టుకొని కూర్చోకూడదని సేఠ్ వర్గం, కుచ్చిళ్ళు పెట్టకూడదని తిప్పన్న వర్గం, నడవకూడదని రైతులు, దోపకూడదని బాషా సంఘం కార్యదర్శి పట్టుబట్టారు. చివరకు లక్ష్మీనరసయ్యే దారి చూపాడు. చీర కట్టకూడదు. విప్పనూ కూడదు. పెట్టెలో పెట్టి, మూత వేసి ఇవ్వాలి. ఎవరూ కనపడకపోవడంలో అందరికీ సమానమైన వాటా దక్కింది కాబట్టి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

అయితే సామరస్యం ఒకసారి మొదలైతే ఆగేది కాదు. ఆ వారంలోనే హిందూపురం ఆటోస్టాండు రెండుగా చీలింది, రెండు తలల పక్షి అంటించుకున్న ఆటోలు ఒకవైపు, అంటించుకోనివి ఒకవైపు. ధర్మవరంలో 'నెలవంక ఆత్మగౌరవ వేదిక' అని బోర్డు లేచింది. దానికి ఎదురుగా మరో బోర్డు లేవడానికి ఒక పూటే పట్టింది. మార్వాడీ అంగడి అద్దం మీద ఎవరో రాయి వేశారు. ఎవరో వేరుశెనగ లారీని ఆపారు. ఇంతకాలం పక్కింటివాళ్ళుగా కాలం గడిపిన జనం, తాము ఫలానా వర్గమని మొదటిసారి గుర్తించి చైతన్యవంతులయ్యారని అజిత్ పైకి నివేదిక పంపాడు.

సులోచన ఉత్సవానికి కుట్టించుకోవాలని రవికె గుడ్డ తీసుకొని ముందు గదిలోకి వెళ్ళింది. బాషా మిషను మీద నుంచి తల ఎత్తలేదు.

"సంఘమోళ్ళు వద్దన్నారు వదినా" అన్నాడు.

"నేనేమన్నా అంటినా నిన్ను?"

"నువ్వేమీ అనలేదు. అందుకే నాకు కష్టంగా ఉండాది."

ఆమె గుడ్డ మడిచి వెనక్కి తెచ్చుకుంది. సాయంత్రం మేడ మీద నుంచి సేఠ్ భార్య గిన్నె పంపింది. శుభ్రంగా తోమి ఉంది. లోపల ఏమీ లేదు. సులోచన ఆ గిన్నెను పట్టుకొని వంటింట్లో కాసేపు నిలబడి, అందులో ఏం పెట్టాలో తెలియక బోర్లించింది. లక్ష్మీనరసయ్య హాల్లో కొత్త ఖద్దరు చొక్కా తొడుక్కొని అద్దంలో చూసుకుంటున్నాడు. పోస్టుకు రెండు రోజులే ఉంది.

పెనుకొండ ఉత్సవం వైభవంగా జరిగింది. ప్రతి వర్గానికీ విడివిడిగా తాళ్ళు కట్టి కుర్చీలు వేశారు. నడుమ పోలీసులు నిలబడ్డారు. విదేశీ బృందం వేదిక ఎక్కింది. నాయకురాలు ఆరోగ్యం బాగాలేక ఆఖరి నిమిషంలో ఆగిపోయిందట, ఆమె బదులు ఆరడుగుల ఆసామి ఒకాయన నాయకత్వం వహించి వచ్చాడు.

లక్ష్మీనరసయ్య మూసిన పెట్టెను రెండు చేతులా అందించాడు. మంత్రిగారికి మూతలంటే గిట్టదు. పెట్టె తెరిచి, చీరను పొడవునా నాలుగు మడతలు వేసి, మన ఆనవాయితీ ప్రకారం శాలువాలాగా ఆ ఆసామి భుజాల మీద కప్పేశారు. మంత్రిగారి పేరు ఎదుట రొమ్ము మీద తళతళా మెరిసింది. ఒంటె, పక్షి, నెలవంక, త్రాసు మడతల్లో ఎక్కడున్నాయో ఎవరికీ తెలియలేదు. ఫొటోలు తీశారు. తాళ్ళ అవతల నుంచి ఒక్కో వర్గం వంతుల వారీగా చప్పట్లు కొట్టింది.

తర్వాత మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఈ జిల్లాకు ఇంతవరకూ ఒక శాంతి కమిటీ లేదు. ఎందుకు లేదు? అవసరం ఉందని గత పాలకులు గుర్తించలేదు కనుక. మిత్రుడు లక్ష్మీనరసయ్య నెల తిరక్కుండానే ఆ అవసరాన్ని ప్రజల ముందుకు తెచ్చారు. ఆయన్నే జిల్లా శాంతి కమిటీ ఛైర్మన్‌గా నియమిస్తున్నాను."

లక్ష్మీనరసయ్య వంగి మంత్రిగారి కాళ్ళకు దండం పెట్టాడు. పదిహేనేళ్ళ నిరీక్షణ ఫలించింది. కారు, కారు ముందు పలక, నెలకింతని గౌరవ వేతనం దక్కాయి. తెల్లారేసరికి ఇంటి ముందు తుపాకీతో ఒక గన్‌మన్ కూడా వచ్చేశాడు.

ఆయన కాఫీ గ్లాసుతో గడపలోకి వచ్చి గన్‌మన్‌ను తృప్తిగా చూసుకున్నాడు. ఆ వీధిలో గన్‌మన్ ఉన్న ఇల్లు మరొకటి లేదు. కొత్త మనిషి కదా, వీధి తెలియదు. ముందు గది తలుపు మూసి ఉంది. మేడ మెట్ల మీద సేఠ్ దిగుతూ ఆగిపోయి మళ్ళీ పైకి వెళ్ళాడు. గన్‌మన్ ఇటూ అటూ చూసి, ఛైర్మన్ గారికి ఈ వీధిలో ఎవరి వల్లయినా ప్రమాదముందా అని వినయంగా అడిగాడు.

లక్ష్మీనరసయ్య నవ్వి అతని భుజం తట్టాడు.

"ఛ, ఈడ అందరూ మనోళ్ళేనప్పా" అన్నాడు. "అందరి మీదా ఒక కన్నేసి ఉంచు."