ఫ్రెండ్ క్యూలో నిలబడ్డ మా మేనల్లుడు

హలో, అందరికీ వినబడుతోందా? వినబడనివాళ్ళు చెయ్యెత్తండి. (ఎవరూ ఎత్తలేదు. అందరికీ వినబడుతున్నట్టే.)

ప్రేమకీ స్నేహానికీ కౌంటర్లు తెరిచిన మొట్టమొదటి ఆఫీసు మా వీధి చివరే ఉందని గర్వంగా మనవి చేస్తున్నాను. జనం ఎలాగూ ఇవన్నీ సినిమాలు చూసే నేర్చుకుంటున్నారు, ఆ పద్ధతినే రూలుగా పెడితే గొడవుండదని పైవాళ్ళు తేల్చారు. ఇప్పుడు ప్రేమ పెళ్ళికి అక్కడ ముద్ర పడాల్సిందే.

లోపల హీరో క్యూకి కుర్చీలు, ఏసీ. హీరో ఫ్రెండ్ క్యూకి గోడ. ఫ్రెండ్ అనేవాడు హీరో కన్నా ఓ మెట్టు కిందే ఉండాలి. వాడికి సొంత బాధలు ఉండకూడదు. (జ్వరం రావచ్చు. చూసేవాళ్ళకి నవ్వు రావాలి.)

మా మేనల్లుడు ఏసీ మెకానిక్. మా అపార్ట్‌మెంట్ ఓనరుగారి అబ్బాయికి, మేం చినబాబు అంటాం, చిన్నప్పటి నుంచీ మావాడు ఫ్రెండు. చినబాబు మందుల షాపు అమ్మాయిని ప్రేమిస్తే మెసేజ్‌లు రాసిపెట్టింది మావాడు. ఆ అమ్మాయి అన్నయ్య చేతిలో చెంపదెబ్బ తిన్నదీ మావాడే. ముద్ర కోసం తోడు వెళ్ళి, హీరో క్యూలో ఏసీ మూలుగుతోందని బాగుచేసి, చేతులు తుడుచుకుని, అలవాటు కొద్దీ వెళ్ళి గోడకి ఆనుకున్నాడు. ఆ క్యూ కెమెరా ఫొటో తీసేసుకుంది.

చినబాబు పని చిటికెలో అయింది. చిన్న చిక్కల్లా, డబ్బున్న తండ్రి ఒక్కసారైనా అడ్డు చెప్పాలని రూలు. ఓనరుగారు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, ఒక్క నిమిషం ఆగమని వాళ్ళకి చెప్పి, "ఈ పెళ్ళి జరగదు" అనేసి, మళ్ళీ ఫోన్ చెవికి పెట్టుకున్నారు. ముద్ర పడిపోయింది.

ఆ తర్వాత మావాడే ప్రేమలో పడ్డాడు. అమ్మాయి జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. వాళ్ళ నాన్న మంచివాడే గానీ, నెలాఖరులోగా ముద్ర తేకపోతే వేరే సంబంధం ఖాయం చేస్తానన్నాడు. నేనూ మావాడూ ఆఫీసుకి పరిగెత్తాం.

ఆఫీసరు కంప్యూటర్ చూసి, "నువ్వు ఫ్రెండ్‌వి కదయ్యా" అన్నాడు.

"ఫ్రెండ్‌కి ప్రేమ ఉండదా సార్?"

"ఎందుకుండదు? ఇంటర్వెల్ లోపు అయిపోతుంది."

మావాడి మొహం చూసి జాలిపడి, దారి కూడా ఆయనే చెప్పాడు. వీడి తరఫున ఇంకొకడు ఫ్రెండ్‌గా వచ్చి గోడ దగ్గర నిలబడితే వీణ్ణి హీరోగా మార్చవచ్చట. నేను నిలబడతానన్నాను. మేనమామలు హీరోయిన్ వైపే చెల్లుతారట.

ఇంకెవరున్నారు, చినబాబు ఇంటికి వెళ్ళాం. హాల్లో ఏసీ నీళ్ళు కారుతోంది. మావాడు చెప్పులు విప్పి, ఎవరూ అడక్కుండానే స్టూలెక్కి దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. సంగతంతా ఆ స్టూలు మీది నుంచే చెప్పాడు. వచ్చి గోడ దగ్గర కాసేపు నిలబడితే చాలన్నాడు.

చినబాబుకి కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నువ్వు నా ఫ్రెండ్‌వేరా, నేనెప్పుడైనా కాదన్నానా? నేను నీ ఫ్రెండ్‌నని నీకెవరు చెప్పారు?"

మావాడు ఏసీ బిగించి, చల్లగాలి వస్తోందో లేదో చేయి పెట్టి చూసి, దిగాడు. వస్తోంది.

జిరాక్స్ షాపు అమ్మాయి పెళ్ళి అయిపోయింది. అబ్బాయి హీరో క్యూవాడే. వాళ్ళ గదిలో ఏసీ బిగించడానికి మావాణ్ణే పిలిచారు. (వెళ్ళాడు.)

అన్నట్టు, ఈ కథని మీ ఫ్రెండ్స్ అందరికీ పంపండి. పంపాక, వాళ్ళలో ఎవరైనా తమ ఫ్రెండ్ అనుకుని మీకు పంపుతారేమో చూసుకోండి. మావాడి ఫోన్‌కి మాత్రం నేను పంపిందొక్కటే వచ్చింది.