నాలుగో కెనాల్

ఆ శుక్రవారం పొద్దున లాజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు ఇడ్లీలు తిని, బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళి కొత్త కళ్ళజోడు తెచ్చుకుని, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి పడుకోవాలి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి అంతకంటే పెద్ద కార్యక్రమం ఎందుకు? కొడుకు మాటలు చెవిన పడకపోతే అలాగే జరిగి ఉండేది.

కొడుకు యేసుకుమార్ ఇరవై నాలుగేళ్ళుగా పళ్ళ డాక్టరు. యాభై దాటాక స్పెషలిస్టు కావాలని బుద్ధి పుట్టి, అనుభవం ఉన్న డాక్టర్ల కోసమే పెట్టిన రెండేళ్ళ కోర్సులో చేరాడు. ఈ వయసులో పుస్తకాల సంచీ ఏమిటని నవ్వుతారని భార్య మార్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు మాయమైతే 'కాన్ఫరెన్సు' అనేవాడు. ఆ రోజు ఆఖరి ప్రాక్టికల్. పంటి వేళ్ళలో నరం నడిచే సన్నటి దారులను డాక్టర్లు కెనాల్స్ అంటారు. పై దవడ పెద్ద పంటిలో మూడు తేలిగ్గానే దొరుకుతాయి. నాలుగోది వెంట్రుకంత సన్నగా ఉండి దాక్కుంటుంది. పేషెంటు ఎక్స్‌రేలో మూడే కనిపించాయి. ఆ నాలుగోదాన్ని పట్టుకుంటేనే పాసు.

లాజరుకి ఇవేమీ తెలియవు. ఆయనకి తెలిసిన కెనాల్స్ నీళ్ళవి. ముప్పై మూడేళ్ళు ఇరిగేషన్‌లో లస్కరుగా కాలువ గట్లు కాసి, లాకుల తలుపులు ఎత్తి దించి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగంలో నీళ్ళతో పాటు ఎవరెవరి శవాలు కొట్టుకొచ్చేవో ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మర్చిపోనూ లేదు.

వరండాలో యేసుకుమార్ తోటి డాక్టరు స్టీఫెన్‌తో ఫోనులో అంటున్నాడు. "మూడు కెనాల్సూ చూశాను స్టీఫెన్. వాటితో బాధ లేదు. ఆ నాలుగోది దొరికితే సరేసరి, లేకపోతే ఇవాళ్టితో నా పని అయిపోయినట్టే. ఇక మార్తకి మొహం ఎలా చూపించను?"

లాజరు చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. మూడూ చూసొచ్చాడట! ఊళ్ళో ఉన్నవే మూడైతే నాలుగోది ఎక్కడిది? అంత భయంలోనూ తనకి తెలియని కాలువా అని ఆయనలోని లస్కరు ఒక్క క్షణం నొచ్చుకున్నాడు.

"టిఫిను తిని వెళ్ళరా," అన్నాడు వరండాలోకి వచ్చి.

"తినబుద్ధి కావటంలా నాన్నా. సాయంత్రం దాకా ఫోను కూడా ఉండదు." గుమ్మం దాటబోయి యేసుకుమార్ వెనక్కి తిరిగాడు. "నాకోసం కాస్త ప్రార్థన చెయ్యి."

పదో తరగతి తర్వాత కొడుకు ఆ మాట అడగటం ఇదే మొదటిసారి. లాజరు గబగబా కదిలాడు. చెప్పులేసుకుని వీధిలోకి వచ్చేసరికి కారు మలుపు తిరిగిపోయింది. మార్తకి ఫోన్ చేద్దామంటే ఆవిడ స్కూల్లో పాఠం చెప్తోంది, మధ్యాహ్నం దాకా ఫోను తియ్యదు. ఉన్న ఒక్కగానొక్క కొడుకు. ఇక ఆగలేక పాత జతగాడు సత్యానికి ఫోన్ చేశాడు.

"సత్యం, మావాడు... కాలువ..." అంతకుమించి నోరు పెగల్లేదు.

బందరు కాలువ గట్టున కాపురముండే సత్యానికి అంతకుమించి చెప్పనవసరం లేదు. లాజరు ఆటో దిగేసరికి తాడు, లారీ ట్యూబు సిద్ధం చేసి, చేపలు పట్టే మరియదాసుని నీళ్ళలోకి దింపేశాడు. వంతెన మీద జనం మూగారు. "ఎవరో డాక్టరంట." "ఇద్దరంట." "కారుతో సహా అంట." కానిస్టేబులొచ్చి బస్సులు ఆపాడు. గుర్రపుడెక్క గుత్తి తేలినప్పుడల్లా లాజరు ఇంకో అడుగు నీళ్ళలోకి దిగేవాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కొడుకు నంబరుకి తొమ్మిదోసారి చేశాడు.

ఈసారి ఎవరో ఎత్తారు. పరీక్ష గది బయట బుట్టలో పడేసిన ఫోను మోగీ మోగీ విసుగెత్తించడంతో అటెండరు చక్రి తీశాడు.

"డాక్టరు గారు కెనాల్లో ఉన్నారండి."

"బతికే ఉన్నాడా?"

"ఉన్నారుగానీ, బాగా చెమటలు పట్టేసినయ్. గంట నుంచి వెతుకుతున్నారండి. మూడు అయినయ్, నాలుగోది దొరకటంలా."

"పక్కన ఎవరూ లేరా?"

"ఎందుకు లేరండీ, ముగ్గురు పెద్ద డాక్టర్లు నిలబడి చూస్తున్నారు."

"చూస్తన్నారా! చెయ్యి అందించొచ్చుగా!"

"అమ్మో, వేరేవాళ్ళు చెయ్యి పెట్టకూడదండి, రూలు. మునిగినా తేలినా ఆయనే."

"ఎక్కడయ్యా అది?" లాజరు గొంతు కీచుమంది.

"డెంటల్ కాలేజీ, రెండో అంతస్తండి."

రెండో అంతస్తులో కాలువేమిటని ఆలోచించే స్థితిలో లేడాయన. ఆటోలో పడ్డాడు. తాడుతో సత్యం, కారుతున్న లుంగీతో మరియదాసు, ఒళ్ళో ట్యూబు, వెనకే మోటారు సైకిలు మీద కానిస్టేబులు.

పరీక్ష గది తలుపు ధడాలున తెరుచుకుంది. తెరేసమ్మ అనే పేషెంటు నోరు తెరిచి పడుకుని ఉంది. పక్కన మైక్రోస్కోపులోకి వంగి యేసుకుమార్. గోడ మీది తెర నిండా ఒకే ఒక్క పన్ను.

"యేసూ! వద్దురా అయ్యా! నీకేం తక్కువ చేశామురా!" లాజరు వెనకనుంచి కొడుకుని వాటేసుకున్నాడు. పోలీసునీ తాడునీ చూసి తెరేసమ్మ నోట్లో అద్దంతోనే లేచి కూర్చుంది.

సంగతి బోధపడటానికి చాలాసేపు పట్టింది. "పరీక్షా? పళ్ళదా?" అని లాజరు నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "చెప్పి ఏడవొచ్చుగదరా వెధవా!" యేసుకుమార్‌కీ కళ్ళు నిండాయి. తండ్రి పంచె మోకాళ్ళ దాకా తడిసి బురద కారుతోంది.

ఎగ్జామినరు శాలిని యేసుకుమార్ కంటే పదిహేనేళ్ళు చిన్న. పెద్దాయనకి మంచినీళ్ళిచ్చి, పరీక్షకి ఇంకో పది నిమిషాలిచ్చింది. బయటికి రమ్మంటే లాజరు కదల్లేదు. కొడుకు చొక్కా కొస పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. భయం దిగేసరికి చూపు తెర మీదికి పోయింది.

"ఒరే, ఆ మూల గట్టు ఉబ్బుగా ఉంది చూడు. దాని కింద పూడిక ఉంటది. అది గీకు, దారి దొరుకుద్ది."

యాభై రెండేళ్ళ అలవాటు కొద్దీ యేసుకుమార్ తండ్రి చెప్పినట్టే గీకాడు. సూది సర్రున లోపలికి దిగింది. నాలుగో కెనాల్! మరియదాసు చప్పట్లు కొట్టాడు. కానిస్టేబులూ కొట్టాడు.

శాలిని నిట్టూర్చింది. "కెనాల్ దొరికింది డాక్టరు గారూ. కానీ దొరకబట్టింది మీరు కాదుగా."

యేసుకుమార్ తప్పాడు. మళ్ళీ ఆరు నెలలకి రాయమన్నారు. రెండేళ్ళుగా దేనికి భయపడ్డాడో అదే జరిగింది, కానీ చొక్కా కొస ఇంకా ఆ తడిచేతిలోనే ఉండటంతో అతనికి పెద్దగా బాధనిపించలేదు.

ఆరు నెలల తర్వాత వచ్చిన హాల్‌టికెట్టు మీద, లోపలికి తీసుకురాకూడని వాటి జాబితాలో సెల్‌ఫోన్లు, పుస్తకాల కింద కొత్తగా ఒక వరుస చేరింది: అభ్యర్థుల తండ్రులు.