జీడిపిక్క పురుడు

గురువారం ఉదయం జగన్నాధం మాస్టారు మూడు పనులు అనుకున్నాడు. కుక్కకి గంజి పొయ్యాలి, దాని పొట్టమీద కట్టు చూడాలి, తొమ్మిదిన్నరకల్లా బడికి పోవాలి. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టడానికి చాలా తెలివి కావాలి. ఆ తెలివి జీడిపిక్కకి ఉంది.

జీడిపిక్క అంటే ఆ కుక్కే. రంగు జీడిపిక్క రంగు, ఒడ్డూ పొడుగూ కూడా అంతంతమాత్రమే. చంకలో పెట్టుకుని కండువా కప్పితే కనబడదు. ముందురోజే చీపురుపల్లి పశువుల ఆసుపత్రిలో దానికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేశారు. ఆవులకీ గేదెలకీ వైద్యం తెలుసు గానీ కుక్కకి ఆపరేషను అన్నమాట ఆ ఊరు ఎన్నడూ విని ఉండలేదు. కొత్తగా వచ్చిన కుర్రడాక్టరు మహా ముచ్చటపడి చేశాడు. చేసి, "పదిరోజులు గెంతకూడదు, కుట్లు నాకకూడదు, ఈగ వాలకూడదు. పదోనాడు తీసుకొస్తే కుట్లు విప్పుతాను" అన్నాడు. జగన్నాధం తల ఊపాడు. కుక్క ఊపలేదు.

నిజానికి కుక్క అతనిది కాదు, అతని మేనమామ కూతురు తాయారుది. మేనమామ నరసింగరావు బొబ్బిలి దగ్గర పల్లెలో రైతు. తాయారు జగన్నాధానికే అని ఆ పిల్ల ఉయ్యాలలో ఉన్ననాడే అనుకున్నారు. మొన్న ఆదివారం లగ్నం పెట్టారు. తాంబూలాలు అందుకుని బస్సుకి బయల్దేరబోతున్న జగన్నాధాన్ని తాయారు గడ్డికుప్ప వెనక్కి పిలిచి, మూతపెట్టిన బుట్ట ఒకటి చేతిలో పెట్టింది.

"బావా, ఇది ఈనడం, మా నాన్న పిల్లల్ని ఏటి అవతల ఇడిసిపెట్టీడం, ఇప్పటికి మూడుసార్లైనాది. అయ్యి కుయ్యికుయ్యిమని అరుస్తంటే నాకు ముద్ద దిగదు. దీనికి ఆపరేసను సేయించు. కుట్లు మానినాక తెచ్చి నాకు సూపించు. సూపించకుండా పీటల మీదకి రాకు."

"ఇంట్లో ఒక మాట చెప్పి..."

"సెప్తే మామ్మ లగ్నమే సెడగొట్టెస్తాది. నీకు తెల్దేటి? కుక్క తప్పిపోనాదని నానే ఏడుస్తాను. నువ్వెళ్ళు."

తెలియకేం. మామ్మంటే నరసింగరావు తల్లి నారాయణమ్మ, జగన్నాధానికి అమ్మమ్మ. లగ్నం పెట్టిన దగ్గర్నుంచి పందిరిరాట వేసేదాకా ఇంటి ప్రాణి దేనిమీదా కత్తి పడకూడదని ఆవిడగారి శాసనం. ఎప్పుడో ఎవరో కోడిని కోశారని ఒక పెళ్ళిని ఏడాదిపాటు వెనక్కి నెట్టిన మనిషి. ఆపరేషను సంగతి తెలిస్తే పెళ్ళి లేదు, కుక్క కోలుకోకపోతే పెళ్ళికూతురు లేదు. పాపం జగన్నాధం అన్నెంపున్నెం ఎరగనివాడు, బుట్ట పట్టుకుని బస్సెక్కాడు.

గురువారం సంగతికి వద్దాం. గంజి చల్లార్చి ఇటు తిరిగేసరికి జీడిపిక్క కట్టు ఊడపీకి కుట్లు నాకుతోంది. తువ్వాలు చుట్టాడు, జారిపోయింది. పంచె చింపి కట్టాడు, నమిలేసింది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అంటారు, కుక్కపుండు మాత్రం ఏం తక్కువ? ఒంటినిండా ఉండి, బొత్తాలు వీపుమీద ఉండే బట్ట ఏదైనా తొడిగితే తప్ప ఇది ఆగదని జగన్నాధానికి తోచింది. అలాంటి బట్ట లోకంలో ఒక్కటే ఉంది. పరుగున దాలయ్య దగ్గరికి వెళ్ళాడు. దాలయ్య సంతలు తిరిగి బట్టలమ్మే మనిషి, ఆవేళ చీపురుపల్లిలో దుకాణం పరిచాడు.

"చిన్నపిల్లల జుబ్బా ఒకటియ్యి. బొత్తాలు వెనకుండాలి."

"ఎంత పిల్లకి మాస్టారూ?"

జగన్నాధం రెండు చేతులూ మూరకి తక్కువ దూరంలో పట్టి చూపించాడు. దాలయ్య ఆ చేతుల మధ్య ఖాళీని చూశాడు, తరవాత పెళ్ళికాని మాస్టారి మొహం చూశాడు.

"మరీ ఇంతేనా? ఎప్పుడైనాదేటి?"

"నిన్ననే" అనేసి జగన్నాధం నాలిక కరుచుకున్నాడు. ఆసుపత్రి కాంపౌండరు ఊరంతా చాటినట్టున్నాడు అనుకున్నాడు. "దాలయ్యా, నీకు దండం పెడతాను, ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా బొబ్బిలివైపు."

"నానెందుకు సెప్తాను బాబూ," అని దాలయ్య పువ్వుల జుబ్బా మడిచి ఇచ్చాడు. వచ్చే గురువారం అతను బొబ్బిలి వెళ్ళవలసి ఉంది.

ఈగలకి వేపరొట్ట మంచిదని కాంపౌండరు చెప్పాడు కనక జగన్నాధం గుమ్మానికి రెండు పక్కలా వేపమండలు కట్టాడు. లోపల సాంబ్రాణి వేశాడు. పొట్టమీద కుట్లు ఒరుసుకోకుండా మెత్తటి పాతచీరముక్క కావాలని ఎదురింటి దాలమ్మని అడిగాడు. ఎందుకు బాబూ అంటే, నడుముకి చుట్టాలన్నాడు. ఉతికిన జుబ్బా దండెంమీద ఆరేశాడు. గుమ్మానికి వేపమండ, ఇంట్లో సాంబ్రాణి పొగ, నడికట్టుకి చీరముక్క, దండెంమీద పసిపిల్ల చొక్కా. ఆ దేశంలో ఈ నాలుగూ ఒక గడపలో కనిపిస్తే లోపల బాలింత ఉన్నట్టే. ఇంక ఒకరు చెప్పక్కర్లేదు, ఒకరు అడగక్కర్లేదు.

మర్నాడు దాలమ్మ ఒక గిన్నె పట్టుకుని వచ్చి గుమ్మానికి బారెడు దూరంలో నిలబడింది.

"లోపలికి రాను బాబూ, ఇంట్లో నోము ఉన్నాది. ఎల్లుల్లికారం తెచ్చినాను, పత్తేనికి. బాగా నొప్పులు పడినాదా?"

"రాత్రంతా మూలిగింది దాలమ్మా. నేను పక్కనే కూచున్నాను."

"కూసోవాల మరి. నీకు తప్పుతాదేటి? ఆడదేనా?"

"ఆడదే," అన్నాడు జగన్నాధం. ఇలాంటి ఆపరేషను ఆడకుక్కకి కాక దేనికి చేస్తారో అతనికి అర్థం కాలేదు.

"లచ్చిందేవి. పోన్లే. మీ మావకి తెలుసా?"

"తెలిస్తే పెళ్ళి ఆగిపోతుంది."

"ఆగదా మరి," అని దాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది. ఒక కుక్క కోసం ఇంత కంటతడి పెట్టే మనిషి తన ఎదురింట్లోనే ఉందని ఇన్నాళ్ళూ తెలియనందుకు జగన్నాధం సిగ్గుపడ్డాడు. కుక్క వెల్లుల్లి తినదు. కారం వేడివేడి అన్నంలో తనే కలుపుకు తిన్నాడు.

శనివారం బడికి వెళితే హెడ్మాస్టరు వేంకటాచలం గారు వసారా మెట్టుమీదే చెయ్యి అడ్డం పెట్టారు. ఆయనది తరతరాలుగా గుడి సేవ చేసే కుటుంబం, సాయంత్రం బడి మూసి తిన్నగా గుడి తలుపులు తీస్తారు.

"అక్కడే ఆగండి. హాజరుపట్టీ ముట్టకండి. మీ ఇంట్లో విషయం తెలిసింది."

జగన్నాధం చేతులు జోడించాడు. "మీకూ తెలిసిందా అండి? దయచేసి ఎవరికీ చెప్పకండి."

"చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. పదిరోజులు మైల. పదకొండోనాడు తలస్నానం చేసి రండి."

"దానిక్కూడా మైల ఉంటుందాండి?"

"ఎందుకుండదు? ఎలా వచ్చినా ప్రాణం ప్రాణమే. పెళ్ళయిందా లేదా అని శాస్త్రం చూడదు."

"దానికి పెళ్ళేమిటండీ?" అన్నాడు జగన్నాధం, నిజంగానే తెలియక.

వేంకటాచలం గారు కళ్ళు మూసుకున్నారు. ముప్ఫైఏళ్ళ ఉద్యోగంలో ఇంత గుండె ధైర్యం గల ఉపాధ్యాయుణ్ణి ఆయన చూడలేదు. "వెళ్ళండి. సెలవు నేనే రాసుకుంటాను," అన్నారు.

కుక్కకి కత్తి తగిలితే యజమానికి పదిరోజులు మైల అని ఏ గ్రంథంలో ఉందో జగన్నాధానికి ఎంత ఆలోచించినా తట్టలేదు. తనకి తెలియని శాస్త్రం చాలా ఉంది కాబట్టి, అదీ ఒకటి కాబోలు అని సరిపెట్టుకున్నాడు. కానీ అంతటితో పోలేదు. ఆదివారం ఎవరో గడపలో అరటిపళ్ళు పెట్టి వెళ్ళారు. సోమవారం కాటుకబరిణె వచ్చింది. మంగళవారం పాత కర్ర ఉయ్యాల ఒకటి అరుగుమీద ప్రత్యక్షమైంది. చీపురుపల్లి జనం కుక్కలంటే ఇంత ప్రాణం పెడతారని అతను ఎప్పుడూ అనుకోలేదు. అయితే ఉయ్యాల మాత్రం దేవుడు పంపినట్టే పనికొచ్చింది. జీడిపిక్కని అందులో పడుకోబెట్టి ఊపితే గెంతడం మానేసింది. ఊపు ఆపితే అరుస్తుంది కనక జగన్నాధం కూనిరాగం కూడా తీయవలసి వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు ఆగి విని, మనిషి చెడ్డవాడు కాదు గానీ తొందరపడ్డాడు అనుకుని వెళ్ళేవారు.

గురువారం దాలయ్య బొబ్బిలి వెళ్ళాడు. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి నరసింగరావు దిగాడు.

వీధిలోకి మెల్లిగా, అడుగు తీసి అడుగు వేస్తూ వచ్చాడు. ఆ నడకలో ఉన్న గాంభీర్యం చూసి దాలమ్మ నాలుగిళ్ళ వాళ్ళని కేకేసింది. వేంకటాచలం గారు కూడా బడి గంట కొట్టించి వచ్చి, మైల తగలని దూరంలో నిలబడ్డారు. నరసింగరావు ఎవర్నీ పలకరించలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేశాడు.

"ఎక్కడున్నాది?"

"ఎవరు మావా?"

"ఎవరేటిరా? ఆ బాలింతరాలు. నా కూతురి మెళ్ళో పుస్తె కడతానని లగ్నం పెట్టించుకుని, ఇక్కడ ఉయ్యాల ఊపుతన్నావట. బొబ్బిలి సంతంతా ఇదే మాట. ముందు పిల్లని సూపించు, తరవాత నీ సంగతి సూస్తాను."

జగన్నాధానికి అప్పుడు వెలిగింది. వేపమండ వెలిగింది, వెల్లుల్లికారం వెలిగింది, హాజరుపట్టీ వెలిగింది. కుక్కని దాస్తే పెళ్ళి పోతుంది, చూపిస్తే పోతుంది. ఏ గోతిలో పడాలో తేల్చుకునేలోపలే జీడిపిక్క నరసింగరావు గొంతు గుర్తుపట్టింది. పువ్వుల జుబ్బాతో ఉయ్యాలలోంచి లేచి, తోక ఆడిస్తూ, ముందుకాళ్ళు అంచుమీద వేసింది.

"గెంతకు, గెంతకు," అంటూ జగన్నాధం దాన్ని పట్టుకున్నాడు.

నరసింగరావు కుక్కని చూశాడు. జుబ్బా ఎత్తి నడికట్టు చూశాడు. కట్టు కింద కుట్లు చూశాడు. దాచడానికి ఏమీ మిగల్లేదు కనక జగన్నాధం అంతా చెప్పేశాడు. తాయారు పేరు మాత్రం చెప్పలేదు, బుద్ధి పుట్టి తనే బుట్టలో పెట్టి తెచ్చుకున్నానన్నాడు.

"లగ్నం పెట్టినాక కత్తి పెట్టించినావు," అన్నాడు నరసింగరావు.

"పెట్టించాను మావా."

"మా అమ్మకి తెలిస్తే?"

"తెలుసు. తాయారుని ఇంక నాకివ్వరు." ఆ మాట అని జగన్నాధం కుక్క తల నిమిరాడు. పదేళ్ళ నుంచీ మనసులో పెట్టుకున్న పిల్ల. కుక్క అతని చెయ్యి నాకింది, కుట్లు దొరక్క.

నరసింగరావు జుబ్బా కిందికి దించాడు. తరవాత అడిగిన ప్రశ్న మేనల్లుడు అనుకున్నది కాదు.

"ఎన్ని కుట్లు ఏసినారు?"

"ఏడు."

"ఎక్కువే. పడుకుంటే లాగుతాదా?"

"లాగుతుంది కాబోలు."

"నాలుగోరోజు నుంచి దురద పెడతాది కదా. ఏటి రాస్తన్నావు? మళ్ళీ ఎన్నాళ్ళకి బరువులెత్తొచ్చన్నాడు డాక్టరు?"

"కుక్క బరువులెత్తదు మావా."

"అదే. ఎత్తితే?"

నరసింగరావు మంచం పట్టె పట్టుకుని, పళ్ళు బిగించి, ఒక పక్కకి ఒరిగి కూచున్నాడు. వీధిలో జనం గంభీరమనుకున్న నడకకి అసలు కారణం అప్పుడు బయటపడింది.

"మొన్న శనివారం పెళ్ళిబట్టలకని ఇజీనారం పట్నం ఎల్లినాను," అన్నాడు గొంతు తగ్గించి. "బట్టలకి కాదురా. ఆరుగురు పిల్లలు సాలని మీ అత్త పోరుపెట్టి పంపినాది. ఆసుపత్రిలో నాకూ సేసినారు."

"లగ్నం పెట్టాకే కదా మావా. మరి కత్తి పడకూడదని..."

"ఇంటి ప్రాణులు అన్నాది గానీ మా అమ్మ, నా పేరెత్తి సెప్పనేదు కదా అనుకున్నాను." నరసింగరావు మేనల్లుడి మోచెయ్యి పట్టుకున్నాడు. "నీ కుక్క మాట నానెత్తను. నా మాట నువ్వెత్తకు. లగ్నం లగ్నానికే అవుతాది."

జగన్నాధానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మావ కాళ్ళకి దండం పెట్టబోతే ఆయన కంగారుగా మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

తలుపు తీశారు. నరసింగరావు జీడిపిక్కని ఎత్తుకోకుండా మేనల్లుడి చేతే ఎత్తించి అరుగుమీదకి తెచ్చాడు.

"సూసినావా బాబూ? ఎవరి పోలిక?" అంది దాలమ్మ.

"కుక్కమ్మా. మా ఇంటి కుక్క. జబ్బు సేస్తే మా అల్లుడు తెచ్చి మందులేయిస్తన్నాడు. అంతే."

దాలమ్మ జుబ్బాలో ఉన్న మొహాన్ని పరిశీలనగా చూసింది. "నా ఎల్లుల్లికారం ఇదే తిన్నాదా?"

"నేను తిన్నాను దాలమ్మా," అన్నాడు జగన్నాధం.

"మరి నా దగ్గర వారంరోజులు సెలవు తీసుకున్నారే," అన్నారు వేంకటాచలం గారు.

"మీరే ఇచ్చారండి."

ఆయన, ఇచ్చిన మైల వెనక్కి తీసుకునే విధానం ఏ శాస్త్రంలోనూ కనపడదని, సోమవారమే రమ్మని చెప్పి వెళ్ళిపోయారు. జనం విసుక్కుంటూ చెదిరారు. ఉయ్యాల ఎవరిదో వాళ్ళు పట్టుకుపోయారు.

నరసింగరావు మాత్రం సాయంత్రం బస్సుకి వెళ్ళలేదు. అరుగుమీద ఒక పక్కకి కూచుని చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"దీని కుట్లు ఎప్పుడు ఇప్పుతారన్నావు?"

"రేపే మావా."

"నాకూ ఇప్పించుకోవాల. మళ్ళీ ఇజీనారం అంటే మా అమ్మ వదలదు, ఇంకా ఏటి బట్టలంటాది. ఆ డాక్టరు సెయ్యి మంచిదేనా?"

"మావా, అతను పశువుల డాక్టరు."

"కుట్టు కుట్టేరా. దారం దారమే."

మర్నాడు పొద్దున్న పశువుల ఆసుపత్రి మెట్లు కుక్క గబగబా ఎక్కేసింది. మావగారినే జగన్నాధం చెయ్యి పట్టుకుని ఎక్కించవలసి వచ్చింది.