వెనక గదిలో మిషను ఆపరేషన్

"అట్టముక్కా! నేను బతికుండగా, నా ఇంట్లో, కుట్టుమిషనుకి అట్టముక్కా!"

మహాశయుడు ఆ అట్టముక్కని ఎలకని తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ఉద్యోగం బీమా ఆఫీసులో. మహాశయుడన్నది భార్య పెట్టిన పేరు. ఇంట్లో ఏదైనా చెడిపోతే ఆయన మొహం వెలిగిపోవడం చూసి పెట్టింది.

"ఎక్కడ తీశారో అక్కడే పెట్టండి. మిషను తల ఊగుతుంటే నేనే దోపాను. హాయిగా నడుస్తోంది."

"తలని బల్లకి బిగించే స్క్రూ రంధ్రంలో మర చుట్లు అరిగిపోయాయి. కొత్తగా మరలు కోసి పెద్ద స్క్రూ వేస్తే కొండలా నిలబడుతుంది."

"నాకు కొండ వద్దు, ఆ వెనక గది కావాలి. నడవాలో కుడుతుంటే నల్లదారమేదో నీలందారమేదో తెలియడం లేదు. అంత కిటికీ పెట్టుకుని మీరక్కడ చేసేదేమిటి? మేకులు ఎండబెట్టడం."

మేకులు ఎండబెట్టడమట! వర్క్‌షాపుని పట్టుకుని! మహాశయుడికి చెవులు ఎర్రబడ్డాయి.

"సాయంత్రానికి మిషను బాగుచేసి నీ నడవాలో పెడతాను. పెడితే జన్మలో గది మాటెత్తకూడదు."

"పెట్టలేకపోతే?"

"గది నీదే!"

"మాటంటే మాటేగా?" అంది ఆవిడ, కూర కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే.

మిషనుని నడవాలోనే బాగుచేయొచ్చు. కానీ ఆపరేషన్లు ఆసుపత్రిలో చేస్తారు గానీ నడవాల్లో చేస్తారా? బావమరిదిని పిలిపించాడు. వెనక గది గుమ్మం ఇరుకు. తల ఊడదీసి, బల్లని పక్కకి పడుకోబెట్టి, ఇద్దరూ చెమటలు కక్కుతూ లోపలికి చేర్చారు. పని చేసేటప్పుడు తల కదలకూడదని, దాన్ని మళ్ళీ బల్లమీద అది కూర్చునే ఇనప కడ్డీలకి ఎక్కించి వెనక్కి వాల్చాడు.

మరలు కోసే ఉక్కు పనిముట్టుని ట్యాప్ అంటారు. దాన్ని తిప్పడానికి రెండువైపులా చేతులున్న పిడి ఒకటుంటుంది. మహాశయుడు దాన్ని అవతలకి నెట్టి కొత్త డబ్బా తెరిచాడు.

"అదేమిటండీ? రెండు చేతులూ సమంగా ఉండాలి, కాస్త ముందుకీ కాస్త వెనక్కీ తిప్పాలి అని నాకు గంటసేపు పాఠం చెప్పారుగా?" అంది భార్య గుమ్మంలోంచి.

"అది పాత పాఠం. ఇప్పుడు ట్యాపు నెత్తిన ఈ సాకెట్ గొట్టం తొడగడం, సాకెట్‌కి ఈ పిడి తగిలించడం, ఒంటిచేత్తో టకటకా తిప్పడం. నట్లు బిగించినంత సుఖం."

"మరి రెండో చెయ్యి?"

"కాఫీకి!"

నిజంగానే ఒక చేత్తో కాఫీ తాగుతూ తిప్పాడు. టకటక, టకటక. పిడి బరువుగా తిరుగుతోంటే 'మరలు బలంగా పడుతున్నాయి' అనుకున్నాడు. ట్యాపు అడుక్కంటా పోయి, రంధ్రంలోకి దూరి ఉన్న బల్ల కడ్డీకి తగిలిందని ఆయన చేతికి తెలిస్తేనా!

ఠప్‌మంది.

పిడి చేతిలోకొచ్చింది. సాకెట్లో ట్యాపు నెత్తి మాత్రం ఉంది. మొండెం రంధ్రంలో ఉండిపోయింది.

"ఏమిటా చప్పుడు?"

"అయిపోయింది!" అన్నాడు మహాశయుడు. అందులో అబద్ధమేమీ లేదు.

తల నిలబెట్టి కదిపి చూశాడు. చిత్రం! విరిగిన ముక్క కడ్డీని ఎంతలా కరిచి పట్టిందంటే, మిషను ఇసుమంతైనా ఊగడం లేదు. ఆయన ఛాతీ పొంగింది. ఇంతటివాడికా అట్టముక్క!

"చూసుకో! కొండ!"

ఆవిడ కదిపి చూసింది. "నిజమేనండోయ్. మరి నా నడవాలో పెట్టించండి."

బావా బావమరిదీ ఎత్తారు. గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"తల తీస్తేగానీ పట్టదు బావా."

మహాశయుడు గుంజాడు, వేలాడాడు, కూలబడి కాళ్ళతో తన్నాడు. తల రాలేదు. సుత్తీ ఉలీ తెచ్చి ముక్కని పొడిచాడు. ఉలి మొన వంగింది, ముక్క వంగలేదు.

"ఇంత ఇరుకు గుమ్మం పెట్టినవాణ్ణి జైల్లో వెయ్యాలి! చట్రం పీకేస్తాను!"

"పీకండి. మళ్ళీ మీరే బిగిద్దురుగాని," అంది భార్య. బావమరిది గోడవైపు తిరిగి దగ్గాడు. "పోనీ, మిషను మెకానిక్కుని పిలవనా? వస్తూనే దేంతో విరగ్గొట్టారని అడుగుతాడు. కాఫీ సంగతి మీరే చెప్పుకోవాలి."

మహాశయుడు ఒక్కసారి చల్లబడ్డాడు. ఆ మెకానిక్కు ఊరంతటికీ మిషన్లు బాగుచేస్తాడు. ప్రతి ఇంట్లోనూ కబుర్లు చెబుతాడు.

"బల్ల కదపొద్దు," అన్నాడు గొంతు సవరించుకుని. "ఆలోచిస్తే ఇక్కడే వెలుతురు బాగుంది. ఆడవాళ్ళ కళ్ళ గురించి మొగుళ్ళు కాస్త పట్టించుకోవాలి."

"మా బావ మనసు వెన్న అక్కా!" అన్నాడు బావమరిది.

"పెళ్ళినాడే తెలుసురా నాకు," అంటూ ఆవిడ ఆయన రంపాలు తీసి కత్తెరలు తగిలించడం మొదలుపెట్టింది.

ఆదివారం ఆయనకి స్క్రూడ్రైవర్ కావలసి వచ్చింది. తన వర్క్‌షాపు తలుపు తానే తట్టాడు. తట్టవలసి వచ్చినందుకు ఒళ్ళు మండిపోతోంది.

లోపల మిషను ఆగింది.

"కాళ్ళు తుడుచుకుని రండి. కింద తెల్లబట్ట పరిచాను."